కరుణ గారి కంప్యూటర్‌లో నాలుగు ప్రశ్న గుర్తులు

అది 2014. ఛత్తీస్‌గఢ్ రాయపూర్‌లో పండరీ బట్టల మార్కెట్ వెనక సందులో నా కంప్యూటర్ రిపేర్ షాపు. ఎదురుగా చీరల గోడౌన్, పక్కన జెరాక్స్ దుకాణం. మాది శ్రీకాకుళం వైపు, నాన్న రైల్వే ఉద్యోగంతో ఇక్కడికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను హార్డ్‌వేర్ కోర్సు చేసి, కొన్నాళ్ళు వేరే షాపుల సేఠ్‌ల దగ్గర పనిచేసి, వాళ్ళతో పడక సొంత షాపు పెట్టుకున్నాను. కుర్చీలో నేను కూర్చుని కనిపిస్తూనే ఉన్నా, లోపలికి వచ్చినవాళ్ళు నా తల మీదుగా చూసి "భయ్యా కహాఁ హై?" అని, షాపు మగమనిషి ఎక్కడని అడిగేవారు. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత, "భయ్యా లేడు. ఉన్నా మీ మెషీన్ విప్పేది నేనే" అనడం మొదలుపెట్టాను. కొందరు వెనక్కి వెళ్ళిపోయేవారు. వెళ్తే వెళ్ళారు.

నా పనిలో ఎక్కువ భాగం దుమ్ము దులపడమే. భన్‌పురి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల నుంచి వచ్చే కంప్యూటర్లు విప్పితే లోపల లారీ టైరు కింద ఉండాల్సినంత మట్టి ఉండేది. ఆ తర్వాత వైరస్‌లు, కాలిపోయిన పవర్ సప్లైలు. ఆటల కేసులు కూడా వచ్చేవి గానీ వాటితో వచ్చేది కుర్రాళ్ళు. అందుకే ఒక మధ్యాహ్నం తెల్ల యూనిఫారం మీద స్వెటర్ వేసుకుని ఒకావిడ వచ్చి నిలబడితే, ఏ ప్రింటర్ గొడవో అనుకున్నాను. యాభైకి దగ్గర్లో ఉంటుంది వయసు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తెలుగమ్మాయివేనంట కదా నువ్వు? కొత్త కంప్యూటర్ కొన్నానమ్మా. గేమ్స్ డౌన్‌లోడ్ చేసుకున్నా. ఒక్కటీ ఇన్‌స్టాల్ అవ్వట్లేదు," అంది.

"బాబు ఏ క్లాసు, సిస్టర్?" అని అడిగాను.

"బాబు లేడు. ఆడేది నేనే."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, నవ్వడం అయ్యాక చెబుతానన్నట్టు నా వైపు చూసింది. నేను నవ్వు ఆపేశాను.

పేరు కరుణ. ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సు. వాళ్ళ నాన్న తెనాలి దగ్గరి నుంచి వచ్చి ఇక్కడ కాంపౌండర్‌గా చేశారట. భర్త రైల్వేలో ఫిట్టర్. కూతురు నాగపూర్‌లో నర్సింగ్ చదువుతోంది. కూతురు సెలవులకి వచ్చినప్పుడు ఆ పిల్ల ఫోన్‌లో ఊళ్ళు కట్టే ఆట ఒకటి ఆడి, ఆవిడ దానికి అలవాటు పడింది. ఖాళీ నేల ఇస్తారు. రోడ్లు, ఇళ్ళు, నీళ్ళ ట్యాంకులు, బస్సులు అన్నీ మనమే వెయ్యాలి. కూతురు ఫోన్‌తో సహా హాస్టల్‌కి వెళ్ళిపోయాక, తన జీతంతో తనకోసమని ఒక కంప్యూటర్ కొనుక్కుంది. ఇంట్లో తన పేరు మీద వచ్చిన మొదటి పెద్ద వస్తువు అదేనట.

"డ్యూటీలో పొద్దస్తమానం డాక్టర్ చెప్పిందే నేను చెయ్యాలి. ఈ ఆటలో రోడ్డు ఎటు పోవాలో నేను చెప్తా. ట్యాంకు ఎక్కడ కట్టాలో నేను చెప్తా. సిస్టర్, యే క్యోఁ కియా, ఇదెందుకు చేశావ్ అని అడిగేవాడు ఒక్కడూ ఉండడు. మత్‌లబ్, ఆ ఊరు నాది," అంది.

"సరే, అమ్మినవాణ్ణి అడిగారా?"

"అడక్కుండా ఉంటానా? మెషీన్ రెండుసార్లు వాడి దుకాణానికి మోయించా. వాడి దగ్గర అన్నీ చక్కగా ఎక్కుతాయి. ఇంటికి తెచ్చి నేను మొదలుపెడితే ఎర్రర్. రెండోసారి వాడేమన్నాడో తెలుసా? మేడమ్, ప్రాబ్లమ్ మెషీన్ మే నహీఁ, ఆప్ మే హై అన్నాడు. తప్పు మెషీన్‌లో కాదట, నాలో ఉందట. పదిమంది ముందు. అందరూ నవ్వారు."

నాకు ఒళ్ళు మండింది. ఆ మాట నాకు కొత్త కాదు. మగవాడి చేతిలో మదర్‌బోర్డు చెడిపోతే అది మదర్‌బోర్డు తప్పు, నా చేతిలో చెడిపోతే అది నా తప్పు. సేఠ్‌ల దగ్గర నేను విన్న న్యాయం అదే.

అసలు గొడవ ఇంకొకటి ఉంది. కరుణ గారి బావగారు, అంటే భర్త అన్నగారు, చర్చి కమిటీలో పెద్ద. ఆయన కొడుకు భిలాయిలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. 'నీ దగ్గర నడవని కంప్యూటర్ నీకెందుకమ్మా, కుర్రాడికి ఇచ్చెయ్' అని ఆయన వారం నుంచీ అంటున్నారట. భర్త అన్నగారి ముందు నోరెత్తడు. విసిగి విసిగి ఈవిడ, 'ఆదివారంలోగా నా ఆటలు నడవకపోతే తీసుకెళ్ళండి' అనేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన భోజనానికి వస్తారు. వెళ్ళేటప్పుడు కంప్యూటర్ పట్టుకుపోతారు.

"అట్లా ఎందుకన్నారు?" అన్నాను.

"కోపం. నీకు రాదా?"

పనిలోకి దిగాను.

డౌన్‌లోడ్ చేసిన ఆట ఎక్కకపోతే మా పనిలో ముందు చూసేవి కొన్ని ఉంటాయి. ఫైలు పూర్తిగా దిగిందా లేదా అన్నది మొదటిది. నెట్ మధ్యలో తెగితే చివర కొంత ముక్క లేకుండానే ఫైలు సేవ్ అయిపోతుంది, చూడటానికి బాగానే ఉంటుంది. యాంటీవైరస్ ఏదైనా ముక్కని అనుమానించి పక్కన పడేసిందా అన్నది ఇంకొకటి. ఆటకి కావలసిన సహాయక ఫైళ్ళు, వాటిని రన్‌టైమ్ అంటాం, కంప్యూటర్‌లో ఉన్నాయో లేదో కూడా చూడాలి. ఆవిడ పెన్‌డ్రైవ్‌లో ఆటలు తెచ్చింది. నా షాపు మెషీన్‌లో వేసి చూశాను. ఊళ్ళు కట్టే ఆట ఎక్కింది. వస్తువులు వెతికే ఆట ఎక్కింది. కార్ల రేసు కూడా ఎక్కింది. ఫైళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అన్నీ ఆటలు చేసిన కంపెనీల సైట్ల నుంచి సరిగ్గా తెచ్చుకున్నవే, దొంగ కాపీలు కావు.

"చూశావా, నీ దగ్గర కూడా ఎక్కాయి. ఇక ప్రాబ్లమ్ నాలోనే అంటావా?" అంది. మొహం గట్టిగా పెట్టుకుంది.

"మెషీన్ ఇక్కడికి తేవద్దు. ఆదివారం నేనే మీ ఇంటికి వస్తా. నేను ముట్టుకోను. మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి, నేను పక్కన కూర్చుని చూస్తా," అన్నాను.

ఆదివారం షాపు మూసేసి రైల్వే కాలనీకి వెళ్ళాను. కరుణ గారు పొద్దుటి ఆరాధనకి వెళ్ళి వచ్చేసింది. భర్త, బావగారు రెండో ఆరాధనలో ఉన్నారు. వంటింట్లో కోడికూర ఉడుకుతోంది. ముందు గదిలో, కిటికీ పక్కన, క్రోషే గుడ్డ కప్పిన బల్ల మీద కంప్యూటర్. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి దాన్ని ఆన్ చేసింది. తెర మీద స్వాగతం చెబుతూ పేరు వచ్చింది. చక్కటి తెలుగు అక్షరాల్లో, కరుణ అని.

"అరే, తెలుగులో పెట్టుకున్నారే!" అన్నాను, ముచ్చటపడి.

"మరి? దుకాణంవాడు ప్రతిసారీ అంతా చెరిపేసి, యూజర్ అని కొత్త అకౌంట్ పెట్టి పంపిస్తాడు. అదేం పేరు? ఇంటికి రాగానే ఆ అకౌంట్ మొత్తం తీసేసి నా పేరుతో కొత్తది పెట్టుకుంటా, వాడు ఎక్కించినవీ దాంతోనే పోతాయి. కీబోర్డు మీద తెలుగు లేదు కదా, తెర మీద అక్షరాలు తెప్పించుకుని మౌస్‌తో ఒక్కొక్కటీ నొక్కుతా."

రాయపూర్‌లో పుట్టిన తెలుగువాళ్ళకి అక్షరాలు రావడం అరుదు. ఇంట్లో మాట్లాడతాం, బడి హిందీలో. మా నాన్న పట్టుబట్టి పలక కొనిపెట్టారు కాబట్టి నాకు వచ్చాయి. కరుణ గారికి సండే స్కూల్లో వచ్చాయట, బైబిలు చదవడానికి, కీర్తనలు పాడటానికి. చర్చి నేర్పిన ఆ అక్షరాలనే ఆవిడ కంప్యూటర్‌లోకి తెచ్చుకుంది. నేను అది చూసి సంతోషించి, మళ్ళీ పనిలో పడ్డాను. తప్పు కళ్ళెదురుగానే ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

ఆవిడ ఊళ్ళు కట్టే ఆట ఇన్‌స్టాలర్ నొక్కింది. ఇన్‌స్టాలర్ అంటే ఆటని విప్పి, ఎక్కడివి అక్కడ సర్దే చిన్న ప్రోగ్రాం. పని ఎంతవరకు అయిందో చూపే పచ్చగీత కొంచెం కదిలి ఆగింది. ఎర్రర్ పెట్టె వచ్చింది.

"ఇదిగో, రోజూ ఇదే. ఓకే నొక్కుతా, పోతుంది," అంటూ నొక్కబోయింది.

"ఆగండి, ఆగండి!"

అమ్మినవాడు ఈ పెట్టెని ఒక్కసారి కూడా చూసి ఉండడు. అతని దగ్గర అది రాదు కదా. ఫలానా ఫైలు తెరవలేకపోతున్నాను అని అందులో ఉంది, దాని కింద ఆ ఫైలు చిరునామా. సి డ్రైవ్, అందులో యూజర్స్, ఆ తర్వాత ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట వరసగా నాలుగు ప్రశ్న గుర్తులు.

నేను కుర్చీ వెనక్కి జరిపి గట్టిగా నవ్వేశాను. కరుణ గారు కంగారుపడింది. అప్పుడు చెప్పాను. కొత్త కంప్యూటర్‌లో మనం ఏ పేరుతో అకౌంట్ పెట్టుకుంటామో, సిస్టమ్ ఆ పేరుతోనే మనకొక ఫోల్డర్ కడుతుంది. ఇన్‌స్టాలర్ ఆటని విప్పుకోవడానికి ఆ ఫోల్డర్ లోపలే ఉన్న టెంప్ అనే గదిని వాడుకుంటుంది, వంటకి ముందు కూరలు తరుక్కునే పీటలాగ. సిస్టమ్‌కి తెలుగు వచ్చు. ఈ ఆటల ఇన్‌స్టాలర్లు పాత పద్ధతిలో రాసినవి, వాటికి ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఇంకేమీ తెలియదు. క, ర, కొమ్ము, ణ, ఒక్కోదానికి ఒక్కో ప్రశ్న గుర్తు పెట్టేశాయి. ప్రశ్న గుర్తుల పేరుతో ఫోల్డర్ ఉండనే ఉండదు. లేని గదిలోకి వెళ్ళబోయి తలుపు దొరక్క ఆగిపోతున్నాయి. అమ్మినవాడి యూజర్ పేరు కింద అన్నీ ఎక్కుతాయి. నా షాపులోనూ ఎక్కుతాయి. ఈవిడ పేరు కింద ఎక్కవు.

"అంటే వాడన్నది నిజమేనా? ప్రాబ్లమ్ నాలోనేనా?" అంది మెల్లగా.

"మీలో కాదు. అక్షరాలు నేర్చుకోని ఆ ఇన్‌స్టాలర్‌లో ఉంది. చిటికెలో అయిపోతుంది లెండి. ఇంగ్లీషులో ఇంకో పేరు పెట్టి కొత్త అకౌంట్ చేస్తా, అన్నీ నడుస్తాయి."

మా పనిలో ఎవరైనా చెప్పే మాట అదే. అది తప్పు సలహా కూడా కాదు.

"వద్దు," అంది.

"అకౌంట్ పేరే కదా, కరుణ గారూ..."

"వద్దన్నా కదా. విను. వార్డులో నేను సిస్టర్‌ని. ఇంట్లో మమ్మీని, కాలనీలో ఆంటీని. ఐడీ కార్డు మీద ఇంగ్లీషు, డ్యూటీ బోర్డు మీద హిందీ, బ్యాంకులో మళ్ళీ ఇంగ్లీషు. తెలుగులో నా పేరు ఎక్కడుందో చెప్పనా? నాకు బాప్తిస్మం ఇచ్చినప్పుడు చర్చి పుస్తకంలో రాశారు. మళ్ళీ రాస్తే నా సమాధి మీద రాస్తారు. ఈ మధ్యలో, నేను బతికున్నప్పుడు, నా డబ్బుతో కొన్న డబ్బాలో ఒక్క చోట ఉండకూడదా?"

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. ఆవిడ లేవలేదు.

నాకు కోపం తన్నుకొచ్చింది. ఆవిడ మీద కాదు. ఎక్కడో కూర్చుని ఆ ఇన్‌స్టాలర్ రాసినవాడి మీద. ప్రపంచంలో అందరి పేర్లూ తన కీబోర్డులోనే ఉంటాయని వాడు అనుకున్నాడు. వాడు చేసిన పొరపాటుకి ఇక్కడ ఒక మనిషి తన పేరు మార్చుకోవాలి, అది కూడా చిటికెలో. అంత అన్యాయమైన మాట నా నోటి నుంచే ఎంత తేలిగ్గా వచ్చిందో అప్పుడు తెలిసింది.

"కూర చూసుకురండి. పేరు జోలికి వెళ్ళను. ఆ ఇన్‌స్టాలర్ దారే మారుస్తా," అన్నాను.

సిస్టమ్ లోపల ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అని ఒక చోటు ఉంటుంది. ఏ పనికి ఏ గది వాడాలో ప్రోగ్రాంలు అక్కడ చూసుకుంటాయి. డి డ్రైవ్‌లో ఇంగ్లీషు పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్ చేసి, ఇక మీదట టెంప్ గది ఇదే అని అక్కడ రాశాను. ఆటలు కూడా డి డ్రైవ్‌లోకే ఎక్కేలా దారి మార్చాను. ఊళ్ళు కట్టే ఆట తన ఊళ్ళని డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో దాస్తుంది. ఆ ఫోల్డర్‌ని కూడా డి డ్రైవ్‌కి తరలించాను. లేకపోతే ఆట మొదలవుతుంది గానీ కట్టిన ఊరు మర్నాటికి ఉండదు. కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. తెర మీద అదే పేరు, కరుణ, తెలుగులోనే.

"ఇప్పుడు మీరే నొక్కండి."

ఆవిడ గరిటె పట్టుకునే వచ్చి నొక్కింది. పచ్చగీత రోజూ ఆగే చోటు దాటింది. గీత చివరిదాకా వెళ్ళింది. కాసేపటికి తెర నిండా ఖాళీ పచ్చటి నేల, పక్కన ఒక నది. కరుణ గారు మొదటి రోడ్డు వేసింది. ఆట మూసి మళ్ళీ తెరిపించాను. రోడ్డు అక్కడే ఉంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకూ తిరిగాయి. దాచుకోవలసిన పని కాదు కాబట్టి చెబుతున్నాను.

వస్తువులు వెతికే ఆట కూడా ఎక్కింది. కార్ల రేసు మాత్రం మొండికేసింది. ఎక్కడం ఎక్కింది గానీ, అది తన లెక్కలు ఆవిడ పేరున్న ఫోల్డర్‌లోనే రాస్తానంటుంది, ఆ దారి మార్చడానికి వీల్లేదు. తెరిచిన ప్రతిసారీ మూసుకుపోయేది. నాకు తెలిసిన ఉపాయాలన్నీ చేశాను. దానితో కుస్తీ పడుతుండగానే వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

బావగారు తెల్ల చొక్కా, చేతిలో తోలు అట్ట బైబిలుతో లోపలికి వచ్చారు. వెనక కరుణ గారి భర్త. వందనాలు అయ్యాయి. బావగారు నన్ను చూసి, "ఈ అమ్మాయి ఎవరు?" అన్నారు.

"మెకానిక్," అంది కరుణ గారు.

ఆయన తల పంకించి కుర్చీలో కూర్చున్నారు. "ఏమ్మా, నడిచిందా మరి?"

"రెండు నడిచాయి బావగారూ. ఒకటి నడవలేదు."

"అంటే పూర్తిగా నడవనట్టే కదా. నువ్వే అన్నావు, ఆదివారంలోగా నడవకపోతే అని. కుర్రాడు అక్కడ స్నేహితుల గదుల చుట్టూ తిరుగుతున్నాడు. వాడికి చదువు, నీకు టైంపాస్. ఈ వయసులో ఆటలేంటమ్మా, చూసినవాళ్ళు ఏమనుకుంటారు? తమ్ముడూ, దీని డబ్బా ఎక్కడుంది? సర్దేద్దాం."

భర్త మంచం కింద నుంచి అట్టపెట్టె బయటికి లాగాడు. పాపం, అన్నగారి మాటకి చేతులు వాటంతటవే కదులుతాయి. నాకు నోరు ఊరుకోలేదు. "ఆ మూడోది మెషీన్ తప్పు కాదండీ, ఆటదే తప్పు," అన్నాను. బావగారు నా వైపు చూడను కూడా లేదు.

కరుణ గారు కంప్యూటర్ ముందు కూర్చుంది. కార్ల రేసు బొమ్మ మీద మౌస్ పెట్టి, దాన్ని లాక్కెళ్ళి తెర మీది చెత్తబుట్టలో పడేసింది.

"అయిపోయింది. నా పేరు పలకలేని ఆట నా ఇంట్లో ఉండక్కర్లేదు. ఇప్పుడున్నవన్నీ నడుస్తున్నాయి," అంది. తర్వాత కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది. "బావగారూ, ఇంకో మాట కూడా చెప్తా. ఆ రోజు కోపంలో అన్న మాట తప్పు. నడిస్తే నాది, నడవకపోతే మీది అన్నట్టు మాట్లాడా. ఇది నడిచినా నాదే, నడవకపోయినా నాదే. కుర్రాడికి కావాలంటే వాళ్ళ నాన్న కొంటారు."

బావగారు బైబిలు ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టారు, మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నారు. ఆవిడ భర్త వైపు చూసి, మామూలుగా, ఉప్పు అందించమన్నట్టు అంది:

"ఏవండీ, ఆ డబ్బా చించి పాత సామాన్లు కొనే కబాడీవాడికి వేసెయ్యండి. ఇక దాంతో పనిలేదు."

భర్త ఒక్క క్షణం అన్నగారిని చూశాడు. తర్వాత వంగి, అట్టపెట్టె అంచు పట్టుకుని, పొడుగ్గా చించాడు. ఆ చప్పుడు నాకు భలే నచ్చింది. భోజనాలకి నన్నూ కూర్చోబెట్టారు. బావగారు కోడికూర రెండోసారి కూడా వేయించుకున్నారు, కంప్యూటర్ మాట ఎత్తలేదు.

మర్నాడు అమ్మినవాడు ఎవరి ద్వారానో విని నాకు ఫోన్ చేశాడు. ఏం చేశానో చెప్పమన్నాడు. చెప్పాను. "బస్ ఇత్‌నా సా? నామ్ బదల్ దేతే," అన్నాడు. ఇంతే కదా, పేరు మార్చేస్తే పోయేది కదా అని. నేను అతన్ని పేరు పెట్టి పిలిచి, ముందు నీది మార్చుకో అని ఫోన్ పెట్టేశాను.

ఈ కేసు నాకు నేర్పింది రెండు సంగతులు. మొదటిది పనికి సంబంధించినది. షాపులో నడిచి ఇంట్లో నడవకపోతే, ఇంటికి వెళ్ళి, ఆ మనిషి పక్కన కూర్చుని, ఆ మనిషి చేత్తోనే చేయించి చూడాలి. తప్పు నీదే అనేముందు కనీసం ఆ ఎర్రర్ పెట్టె చదవాలి. రెండోది, పేరు మార్చుకో, అలవాటు మార్చుకో, భాష మార్చుకో అని మనిషికి చెప్పడం మా పనిలో అన్నిటికన్నా సులువు. అందుకే అందరం ముందు అదే చెబుతాం. నేను ఇప్పుడు దాన్ని ఆఖరికి చెబుతాను. ఎక్కువసార్లు చెప్పాల్సిన అవసరమే రాదు.

షాపులో కొత్త ప్రోగ్రాంలు పరీక్షించే మెషీన్‌లో అకౌంట్ పేరు ఆ వారమే మార్చాను. ఇప్పుడు అందులో తెలుగులో సత్యవతి అని ఉంటుంది. దాని కింద నడవని ఆటలు, సాఫ్ట్‌వేర్లు చాలానే వస్తుంటాయి. రానీ. నా పేరు చదవడం చేతకానిది ఏదైనా సరే, ఇంకొకరి ఇంటికి వెళ్ళి వాళ్ళని తప్పుపట్టే ముందు, నా దగ్గర ఆగి నాకు జవాబు చెప్పుకోవాలి.